మూర్తి మాస్టారి ఎడమచెయ్యి

రాధాకృష్ణమూర్తి గారికి పక్షవాతం వచ్చిన రోజు పొద్దున ఆయన వరండాలో కూర్చుని మందారపువ్వు బొమ్మ వేస్తున్నారు. జూన్ నెల. ఎండ అప్పటికే మెట్ల దాకా వచ్చేసింది. రేకులన్నీ అయిపోయాయి, మధ్యలో కేసరం ఒక్కటే మిగిలింది. సన్నకుంచె నీళ్ళలో ముంచబోతే జారి కింద పడింది. తీద్దామని వంగారు. చెయ్యి వెళ్ళలేదు. "కనకం" అని భార్యను పిలవబోతే మాట రాలేదు, ముద్దగా ఏదో శబ్దం వచ్చింది. వంటింట్లో ఉన్న కనకలక్ష్మి గారు అది పక్కింటి దూడ అనుకున్నారు. రెండోసారి వినపడ్డాక చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చారు.

గుంటూరు ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. ఇంటికొచ్చేసరికి మాట చాలావరకు తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని, కాలు ఈడుస్తూ గుమ్మం దాటగలిగారు. కుడిచెయ్యి మాత్రం భుజం నుంచి బరువుగా వేలాడుతూ ఉండిపోయింది.

చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని మూర్తి మాస్టారంటారు. ముప్పై మూడేళ్ళు హైస్కూళ్ళలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, ఆరేళ్ళ కిందట రిటైరయ్యారు. ఆ ఆరేళ్ళూ నీటిరంగులు వదల్లేదు. పత్తిచేలు, బంతిపూలు, ఓడరేవు సముద్రం, మందారాలు, రోజూ ఏదో ఒకటి. ముందు సన్నటి పెన్సిలు గీతతో బొమ్మ వేసుకుని, ఆ గీత దాటకుండా రంగు నింపడం ఆయన పద్ధతి. "అచ్చు గుద్దినట్టుంది మాస్టారూ" అని ఎవరైనా అంటే ఆయనకి ఆ రోజంతా సంతోషమే.

వ్యాయామం చేయించడానికి వారానికి మూడుసార్లు నస్రత్ అనే అమ్మాయి ఇంటికొచ్చేది. ఫిజియోథెరపీ చదివింది. మొహమాటం లేని మనిషి. ఆగస్టులో ఒకరోజు ఆయన వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, "సార్, మీకు అబద్ధం చెప్పను. భుజం కొంచెం వస్తుంది. వేళ్ళతో సన్నపనులు చేయడం మాత్రం కష్టం. ఎడమచేతికి అలవాటు చేసుకోండి. ముందు భోజనంతో మొదలుపెట్టండి" అంది.

"ఎడమచేత్తో అన్నం తినమంటావా?"

"స్పూనుతో తినండి. అమ్మ ఎన్నాళ్ళని కలిపి పెడతారు?"

ఆయన మొహం తిప్పుకున్నారు. రెండు నెలలుగా కనకలక్ష్మి గారే ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నారు. మర్నాడు ఆవిడ కంచం తీసుకుని వచ్చేసరికి ఆయన బల్ల ముందు కూర్చుని, ఎడమచేత్తో స్పూను పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పప్పన్నం సగం లుంగీ మీద పడింది. ఆవిడ తుడవబోతే వద్దన్నారు. కంచం ఖాళీ అయ్యేదాకా లేవలేదు. లేచి, "రంగులపెట్టె ఎక్కడ పెట్టావు?" అని అడిగారు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టారు. పెన్సిలు పట్టుకుంటే చెయ్యి వణికింది. గుండ్రంగా గీద్దామంటే మెట్లు మెట్లుగా వచ్చింది. రంగు పెడితే గీత దాటి బయటికి పోయింది. నీటిరంగుని కాగితం ఒకసారి తాగేశాక దిద్దడానికి ఉండదు, దిద్దితే మురికవుతుంది. ఆ సంగతి ముప్పై మూడేళ్ళు పిల్లలకి చెప్పిన మనిషే కూర్చుని దిద్దారు, మురికి చేశారు, చింపేశారు. నెల రోజులు ఇదే పని. కనకలక్ష్మి గారు చూసి చూసి, "ఏవండీ, ఇన్నాళ్ళు వేశారు కదా, ఇంక చాల్లెండి. పేపరు చదువుకోండి, టీవీ చూడండి" అన్నారు.

"వేస్తాను కనకం. ఎలాగో తెలియట్లేదు, అంతే."

సెప్టెంబరులో నస్రత్ ఆ చింపిన కాగితాల బుట్ట చూసింది. "మీ దగ్గర చదివినవాళ్ళలో ఎడమచేతివాటం వాళ్ళు లేరా సార్? వాళ్ళలో బొమ్మలు వేసేవాళ్ళు ఒకరైనా ఉండే ఉంటారు. కుంచె ఎలా పట్టాలో వాళ్ళనడిగితే చెప్తారు కదా" అంది.

ఆమె వెళ్ళిపోయాక మాస్టారు ఆ బుట్ట దగ్గరికి లాక్కున్నారు. భార్య కాఫీ తెచ్చి పెడితే, "ఒకమ్మాయి ఉంది" అని మొదలుపెట్టి, పాతికేళ్ళ కిందటి సంగతి చెప్పారు.

అప్పుడాయన పేటకి పది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరి హైస్కూల్లో పనిచేస్తున్నారు. ఎనిమిదో తరగతిలో దేవకుమారి అనే పిల్ల ఉండేది. తండ్రి జక్రయ్య మిరపచేలల్లో కూలికి వెళ్ళేవాడు. చర్చి వెనక వాళ్ళ ఇల్లు. ఆ పిల్ల ఎడమచేత్తో బొమ్మలు వేసేది, క్లాసులో ఇంకెవరికీ రాని బొమ్మలు. మూర్తి మాస్టారికి ఎడమచెయ్యి అంటే అశుభ్రం. స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారు. ఆ పిల్ల మానలేదు. ఒకరోజు ఆ పిల్ల జడకున్న ఎర్ర రిబ్బను విప్పించి, దానితోనే ఎడమచెయ్యి బెంచీకి కట్టేశారు. ఆ ఏడాదంతా డ్రాయింగు పీరియడు వచ్చినప్పుడల్లా అలాగే కట్టేవారు. జిల్లా పోటీలకి పేర్లు పంపమంటే ఆ పిల్ల పేరు పంపలేదు. ఎడమచేత్తో వేసేదాన్ని పంపితే స్కూలు పరువు పోతుందని స్టాఫ్ రూములో అన్నారు. అందరూ నవ్వారు.

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు కనకలక్ష్మి గారు.

"చెప్పుకోవలసిన సంగతని అనిపించలేదు. స్కూల్లో రోజూ జరిగే పనే అనుకున్నాను."

"ఇప్పుడేం చేస్తారు?"

"వెతుకుతాను."

పేటలో విత్తనాల షాపు పెట్టుకున్న జయరావు ఆ క్లాసువాడే. అతన్ని అడిగితే రెండు రోజుల్లో కబురు తెచ్చాడు. దేవకుమారి చీరాలలో ఉంటోంది. వారమంతా చేనేత చీరలకి అంచుల డిజైన్లు గీస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ చర్చి పక్క హాల్లో నీటిరంగులు నేర్పుతుంది. "నంబరు ఉంది మాస్టారూ, కలపమంటారా?" అన్నాడు జయరావు.

"ఫోనులో అడిగే మాట కాదురా ఇది" అన్నారాయన.

ఆ ఆదివారమే భార్యాభర్తలిద్దరూ చీరాల బస్సెక్కారు. కండక్టరూ, కనకలక్ష్మి గారూ చెరో పక్క పట్టుకుంటే గానీ మెట్లు ఎక్కలేకపోయారు. పర్చూరు దాటేదాకా చెరో వైపూ మోకాలెత్తు మిరపతోటలు, పత్తిచేలు. మాస్టారు అవేవీ చూడలేదు. చెప్పవలసిన మాటలు లోపల కూర్చుకుంటూనే ఉన్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి క్లాసు జరుగుతోంది. పదేళ్ళ పిల్లల నుంచి నడివయసు ఆడవాళ్ళ దాకా పదిహేను మంది కింద చాపల మీద కూర్చుని ఉన్నారు. ముందు ఒక అట్టకి కాగితం అంటించి దేవకుమారి ఆకాశం వేసి చూపిస్తోంది. ఎడమచేత్తో, వెడల్పాటి కుంచెతో, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఊపున. మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

క్లాసయ్యాక ఆమె దగ్గరికొచ్చింది. ఆ పిల్ల ముఖమే, కాస్త బరువెక్కింది, చెంపల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు.

"మూర్తి మాస్టారు కదూ" అంది. ఆమె చూపు వేలాడుతున్న చేతి మీద ఒక క్షణం ఆగింది. కుర్చీలు వేసింది. కనకలక్ష్మి గారికి మంచినీళ్ళిచ్చింది.

ఆయన కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "దేవకుమారీ, నీ చెయ్యి బెంచీకి కట్టేసేవాణ్ణి. గుర్తుందా?" అన్నారు.

"మర్చిపోతానా మాస్టారూ?"

"తప్పు చేశాను. అది చెప్పడానికి వచ్చాను. ఇంకోటి అడగడానికి కూడా వచ్చాను. ఎడమచేత్తో రంగులు వేయడం నాకు నేర్పు."

"మీ చెయ్యి పడిపోకపోతే వచ్చేవారా?" అని అడిగింది.

కనకలక్ష్మి గారు ఏదో అనబోతే ఆయన తల అడ్డంగా ఊపి ఆపారు. "వచ్చేవాణ్ణి కాదు. అసలు గుర్తే వచ్చేది కాదు" అన్నారు.

"సరే. ఇంకోటి అడుగుతాను. మా క్లాసులో డాక్టరుగారబ్బాయి ప్రద్యుమ్న ఉండేవాడు. వాడూ ఎడమచేత్తోనే రాసేవాడు, బొమ్మలూ ఎడమచేత్తోనే వేసేవాడు. వాడి చెయ్యి ఒక్కసారి కూడా కట్టలేదు మీరు. ఎందుకని?"

మాస్టారికి ప్రద్యుమ్న గుర్తున్నాడు. ఆ పిల్లవాడి పేరు జిల్లా పోటీలకి తనే రాసి పంపిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. పాతికేళ్ళలో ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, వయసు, రోగం, మతిమరుపు. కర్ర మీద చెయ్యి బిగించి, నెమ్మదిగా, తడబడే నోటితో చెప్పారు.

"వాడు డాక్టరుగారబ్బాయి. కడితే సాయంత్రానికి డాక్టరుగారు హెడ్మాస్టరు గదిలో ఉంటారు. నువ్వు చర్చి వెనక ఇళ్ళ నుంచి వచ్చే పిల్లవి. మీ నాన్న వచ్చి అడగడని నాకు తెలుసు. అందుకే కట్టాను."

కనకలక్ష్మి గారు తల దించుకున్నారు.

"మా నాన్న వచ్చాడు మాస్టారూ" అంది దేవకుమారి. "గేటు దాకా వచ్చి, అరగంట నిలబడి, వెళ్ళిపోయాడు. నేను క్లాసు కిటికీలోంచి చూశాను."

ఆమె లేచి, పిల్లలు వదిలేసిన నీళ్ళ గిన్నెలు ఒక్కొక్కటే బయట పారబోసి వచ్చింది. వచ్చాక నిలబడే చెప్పింది. "వచ్చే ఆదివారం రెండింటికి రండి. కింద కూర్చోలేరు కాబట్టి కుర్చీ వేస్తాను, అంతకుమించి ప్రత్యేకం ఏమీ ఉండదు. తప్పు వేస్తే అందరి ముందే చెప్తాను. క్షమించానని మాత్రం నన్ను అడగొద్దు. ఆ మాట ఇప్పుడు నా దగ్గర లేదు."

"నేర్పితే చాలు" అన్నారు మాస్టారు.

అప్పటినుంచి ఆదివారం తప్పకుండా చీరాల వెళ్ళారు. మొదటి రెండుసార్లు భార్య తోడొచ్చారు, తర్వాత ఒక్కరే. మిగతావాళ్ళలాగే ఆమెని మేడం అనేవారు. మొదటి నెలంతా ఆమె ఆయనకి రంగు ఇవ్వలేదు. వెడల్పు కుంచె, గిన్నెడు నీళ్ళు ఇచ్చి, "ఇంటి దగ్గర నాపరాళ్ళ మీద నీళ్ళతో గీయండి. ఆరిపోతే మళ్ళీ గీయండి. మణికట్టు కదలకూడదు, చెయ్యి భుజం దగ్గర నుంచి రావాలి" అంది.

"వణుకు తగ్గేదెప్పుడు?"

"తగ్గదు. వణుకు వేలి చివర ఉంటుంది. భుజం వణకదు. మీరు వేళ్ళతో వేయడం మానేయండి."

పేటలో ఆయన వరండా రోజూ తడిసేది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నీటి గీత ఎండలో ఆరిపోయేది, మళ్ళీ గీసేవారు. కనకలక్ష్మి గారు జారిపడతానని విసుక్కుని, తర్వాత అటు నడవడం మానేశారు. నవంబరు వచ్చేసరికి ఆ చివర నుంచి ఈ చివర దాకా తెగకుండా గీత వచ్చింది. నస్రత్ చూసి, తను చెప్పిన వ్యాయామం కూడా ఇంత బుద్ధిగా చేస్తే బాగుండేదంది.

రంగు చేతికొచ్చాక గొడవ వచ్చింది. ఆయన ఇంటి దగ్గర నాలుగు రోజులు కూర్చుని మందారపువ్వు వేసి పట్టుకెళ్ళారు. ఎడమచేత్తోనే పెన్సిలు గీత, గీత లోపల రంగు. దేవకుమారి దాన్ని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది.

"ఇది కుడిచెయ్యి వేయాలనుకున్న బొమ్మ. ఎడమచేత్తో దాని వెనకాల పరిగెత్తారు. ఇలా వేస్తే ఎప్పటికీ పాతదానికంటే తక్కువగానే ఉంటుంది. మళ్ళీ వేయండి."

పిల్లలందరూ ఆయన వైపు చూశారు. "ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. పువ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు" అని కర్ర తీసుకుని లేచి వచ్చేశారు. తర్వాతి ఆదివారం వెళ్ళలేదు.

ఆ రోజు మధ్యాహ్నం పాత బొమ్మల కట్ట విప్పించి మంచం మీద పరచి పెట్టించారు. ముప్పై దాకా మందారాలున్నాయి. ఏళ్ళ తరబడి వేసినవి. అన్నిటికీ అయిదే రేకులు, అన్నీ ఒకే వైపు తిరిగి, ఒకే ఎరుపు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకి ఎత్తి చూస్తే గీతలు దాదాపు కలిసిపోయాయి. తేదీ చూస్తే తప్ప ఏది ఎప్పుడు వేసిందో ఆయనకే తెలియలేదు. మొదటి పువ్వు మాత్రమే చూసి వేశాననీ, తర్వాతవన్నీ ఆ బొమ్మని చూసి వేశాననీ ఆయనకి అర్థమయింది.

మర్నాడు పొద్దున జయరావుని పిలిచి, వాళ్ళ పత్తిచేను గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పత్తిపువ్వు విచ్చిన రోజు మీగడ రంగులో ఉంటుంది, మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద నిన్నటి పువ్వూ, ఈరోజు పువ్వూ ఉన్నాయి. ఆయన పెన్సిలు తీయలేదు. కాగితం తడిపి, మీగడ రంగు పెట్టి, అది ఆరకముందే అంచున గులాబీ రంగు తాకించారు. రంగు తనంతట తను తడిలో లోపలికి పాకింది. ఆపుదామని చెయ్యి ముందుకెళ్ళింది, వెనక్కి తీసుకున్నారు. రోజూ పొద్దున అలా వారం రోజులు ఆ గట్టు మీదే కూర్చున్నారు. ఆదివారం ఆ కాగితాల్లో ఒకటి తీసుకుని చీరాల వెళ్ళారు.

దేవకుమారి దాన్ని చాలాసేపు చూసింది. "ఈ గులాబీ రంగు ఇక్కడిదాకా మీరు తెచ్చారా, అదే వచ్చిందా?"

"అదే వచ్చింది. నేను ఆపలేదు."

"మంచిపని చేశారు" అంది. కిందటిసారి ఆయన లేచి వెళ్ళిపోయిన మాట ఎత్తలేదు. ఆయనే, "ఆ వేళ అలా వెళ్ళకుండా ఉండాల్సింది మేడం" అన్నారు, అందరి ముందే.

ఆ సాయంత్రం ఆమె బస్టాండు దాకా తోడొచ్చింది. బస్సు కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు తన సంగతి చెప్పింది. ఆ ఎనిమిదో తరగతి నుంచి కుడిచేత్తోనే అన్నీ చేసిందట. అక్షరాలు వంకరగా ఉన్నాయని మార్కులు పోయాయి. డిజైనింగు కోర్సుకి ప్రవేశ పరీక్ష రాస్తే కుడిచేత్తో వేసిన బొమ్మ చూసి పక్కన పెట్టేశారు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి ఎడమచేత్తో కుంచె పట్టుకుంది. చెయ్యి కదలలేదు, ఎవరో కొడతారని బిగుసుకుపోయింది.

"మళ్ళీ దారికి రావడానికి రెండేళ్ళు పట్టింది. మీకు చెప్పేవన్నీ ఎవరూ నాకు నేర్పినవి కాదు. ఆ రెండేళ్ళలో నేను తెలుసుకున్నవి."

ఏ మాట అన్నా అది ఆమెకి పనికొచ్చేది కాదని మాస్టారికి తెలుస్తూనే ఉంది. బస్సు వచ్చింది. ఆమె కింది నుంచి పట్టుకుని ఎక్కించింది.

జనవరిలో దేవకుమారి క్లాసు మొత్తాన్ని చీరాల పక్కనే ఉన్న ఓడరేవు ఊరి సముద్రపొడ్డుకి తీసుకెళ్ళింది. మాస్టారు అంతకుముందు సముద్రం బొమ్మలు చాలా వేశారు, అన్నీ ఇంట్లో కూర్చుని, క్యాలెండరు చూసి. ఒడ్డున కూర్చుని వేయడం అదే మొదలు. ఇసుకలో కర్ర దిగబడింది. పడవల దాకా వెళ్ళకముందే పక్కకి పడిపోయారు. పిల్లలు కేకలు వేస్తూ వస్తే, "నాకేం కాలేదు, ముందు ఆ కాగితాల మీద ఇసుక పడకుండా చూడండి" అన్నారు. లేపి, ఒడ్డుకి లాగి ఉన్న పడవ నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

మొదటి కాగితం గాలికి ఎగిరిపోయింది. రెండోదాన్ని అట్టకి నాలుగు వైపులా అంటించి మొదలుపెడితే, గాలికి ఆకాశం సగంలోనే ఆరిపోయి అట్టు అంచులా గీత కట్టింది. మూడోది మురికయింది. మధ్యాహ్నం దాటింది, మిగతావాళ్ళు అన్నాలు తింటున్నారు. "తిని వేద్దురు గానీ రండి మాస్టారూ" అని దేవకుమారి పిలిచింది. ఆయన తల తిప్పలేదు. నాలుగో కాగితం బాగా తడిపారు. ఆలోచించడానికి టైము లేదు, అది ఆరేలోపు అయిపోవాలి. భుజంతో ఆకాశం లాగారు, దాని కింద బూడిదలో కలిసిన ఆకుపచ్చ. అల విరిగే చోట కుంచె పెట్టకుండా వదిలేశారు. వణుకుతున్న చేత్తో పెట్టిన రెండు ముదురు మచ్చలు దూరంగా పోతున్న పడవలయ్యాయి. కుంచె కింద పెట్టి ఊపిరి తీసుకున్నారు.

దేవకుమారి అన్నం డబ్బా తెచ్చి పక్కన పెట్టి, వెనక నిలబడి చూసింది. నీళ్ళు ఆరేదాకా అక్కడే ఉంది.

"ఇది నాకిస్తారా?" అని అడిగింది.

"ఇంకా మంచిది వేశాక ఇస్తాను."

"నాకు ఇదే కావాలి."

ఆయన మూలన ఎడమచేత్తో సంతకం పెట్టి ఇచ్చారు. అక్షరాలు ఒకటో తరగతి పిల్లవాడివిలా వచ్చాయి.

మార్చిలో చీరాలలోనే ఒక స్కూలు హాల్లో క్లాసువాళ్ళందరి బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. మాస్టారివి మూడున్నాయి. పెద్దది మిరపకల్లం. ఎకరం మేర ఆరబోసిన కాయల ఎరుపు, అందులో వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు చుక్క. ప్రారంభానికి పెద్దవాళ్ళెవరైనా మాట్లాడాలన్నారు. అందరూ మూర్తి మాస్టారినే మాట్లాడమన్నారు. ఆయన దేవకుమారిని పక్కకి పిలిచారు.

"నేను మాట్లాడితే అది చెప్పకుండా ఉండలేను. చెప్పమంటావా, వద్దంటావా?"

ఆమె ఆలోచించింది. "నా పేరు లేకుండా చెప్పండి. మీ పేరుతో చెప్పండి."

ఆయన అలాగే చెప్పారు. ఒక పిల్ల చెయ్యి ఎందుకు కట్టిందీ, ఇంకో పిల్లవాడి చెయ్యి ఎందుకు కట్టనిదీ, ఏదీ దాచకుండా. మాట తడబడినప్పుడల్లా ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. ముందు వరసలో కూర్చున్న అప్పటి స్కూలు హెడ్మాస్టరు పిచ్చయ్య గారు మధ్యలోనే, "ఇప్పుడవన్నీ ఎందుకయ్యా, శుభమా అని బొమ్మలు పెట్టుకుని" అన్నారు.

"మీరు అప్పుడు నవ్వారండి, స్టాఫ్ రూములో. నేనూ నవ్వాను. అందుకని చెప్తున్నాను" అన్నారు మాస్టారు.

పిచ్చయ్య గారు కాసేపు కూర్చుని, టీ తాగకుండా వెళ్ళిపోయారు. ఆయనతో మరో ఇద్దరు లేచారు. మిగతావాళ్ళు కూర్చున్నారు. కనకలక్ష్మి గారు లేచి వెళ్ళి, వెనక గోడ దగ్గర నిలబడి ఉన్న దేవకుమారి పక్కన నిలబడ్డారు.

దేవకుమారి క్షమించానని ఆ రోజూ అనలేదు, తర్వాత కూడా అనలేదు. మాస్టారు అడగలేదు. ఆయన చేతికి సన్నకాడలు, తాటాకు గీతలు ఇప్పటికీ రావు. వాటి జోలికి వెళ్ళడం తగ్గించారు గానీ మానలేదు. ఆదివారం బస్సు మాత్రం తప్పట్లేదు.

ఏప్రిల్ మొదటివారం క్లాసుని పిడుగురాళ్ళ తీసుకెళ్ళింది దేవకుమారి, సున్నపుబట్టీలు వేయడానికి. అక్కడ రాయి తెలుపు, దుమ్ము తెలుపు, చెట్ల ఆకులూ, పనివాళ్ళ తలగుడ్డలూ తెలుపే. పెట్టెలో తెల్లరంగు ముట్టుకోకూడదంది ఆమె. పిల్లలు గోల పెట్టారు. మూర్తి మాస్టారు బట్టీ ఎదురుగా కుర్చీ వేయించుకుని చాలాసేపు ఊరికే చూశారు. తెలుపులో ఎన్ని రకాలున్నాయో ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదాయన. బట్టీ నోటి దగ్గర పసుపు, నీడలో నీలం, పొగ కింద లేత ఊదా.

"ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిందా మాస్టారూ?" అని దేవకుమారి అడిగింది.

"తెలియలేదు" అని, ఆయన కాగితం తడపడం మొదలుపెట్టారు.